అత్త రేకుల మీద మా అన్న

మొన్న ఆదివారం బౌరంపేటలో మా అమ్మాయి అద్దెకుంటున్న గేటెడ్ కాలనీలో ఒక తరగతి పెట్టారు. తక్కువ ఖర్చుతో, ఎవరి మీదా ఆధారపడకుండా బతకడం ఎలాగో నేర్పే తరగతి. నేర్చుకోవడానికి రుసుము ఉంది. ఆ రుసుముతో మా మేనత్త ఒక నెల బతికేది, బతికి చివర్లో నాకు జాంపండ్లు కూడా కొనిపెట్టేది. క్లబ్‌హౌస్ తలుపులన్నీ మూసి, వణుకు పుట్టేంత ఏసీ వేసి, శాలువాలు కప్పుకుని కూర్చున్న జనానికి పాతికేళ్ల కుర్రవాడొకడు అవసరాలు తగ్గించుకోవడం గురించి చెబుతున్నాడు. తన దగ్గర రెండే చొక్కాలున్నాయన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. మా ఊళ్లో రెండే చొక్కాలున్నవాళ్లు వీధికి పదిమంది ఉండేవారు, వాళ్లకు ఒక్కరు చప్పట్లు కొట్టిన పాపాన పోలేదు. సరే, అదీ ఓర్చుకున్నాను. తలెత్తి గోడ వైపు చూశాను. గోడ నిండా కోడిగుడ్ల అట్టలు. గుడ్లు పెట్టి పంపే ఆ గుంటల గుంటల బూడిదరంగు అట్టలే, వరసగా అతికించి పైన ఆకుపచ్చ రంగు కొట్టారు. "వేడి రానివ్వదు, చప్పుడు రానివ్వదు ఆంటీ, బెంగళూరు నుంచి డిజైనర్ వచ్చి చేశాడు" అని పక్కనున్నావిడ నా చెవిలో చెప్పింది. నేను లేవబోయాను. మా అమ్మాయి నా మోకాలు గిల్లి కూర్చోబెట్టింది. అక్కడ చెప్పనివ్వలేదు గనుక ఇక్కడ చెబుతున్నాను. ఆ డిజైనర్ ఇంకా బళ్లో పలక పట్టుకోని రోజుల్లోనే శామీర్‌పేటలో మా మేనత్త ఆ పని చేసింది. దానికి ఆవిడకు ఎవరూ సన్మానం చేయలేదు. మా ఇంటివాళ్లు చేసిన సన్మానం మాత్రం ఒకటుంది, దాన్ని తలుచుకుంటే ఇన్నేళ్లకూ నాకు కడుపులో మంట లేస్తుంది.

నేను ఏది చెప్పినా సగం తీసేసి నమ్మడం మా ఇంట్లో అలవాటు. మీరూ తీసేయండి, అభ్యంతరం లేదు. ఏ సగం తీసేయాలో మాత్రం నేను చెప్పను.

మా నాయినకు ఆవిడ ఒక్కతే చెల్లెలు. మామ తొంభైల మొదట్లో భీవండికి మగ్గాల పనికి పోయాడు. మొదట ఉత్తరాలు వచ్చాయి, తర్వాత కబుర్లు వచ్చాయి, ఆ తర్వాత అక్కడ ఆయనకు ఇంకో ఇల్లు ఉందన్న సంగతి వచ్చింది. ఆయన మాత్రం రాలేదు. నాయిన ఆటో మాట్లాడుకుని చెల్లెల్ని సామానుతో సహా తెచ్చుకోవడానికి వెళ్లాడు. అత్త ఆటోవాడికి చాయ్ పోసి, నాయినకు అన్నం పెట్టి, ఆటోను ఖాళీగా వెనక్కి తిప్పి పంపింది. "పండుగకు పిలిస్తే వస్త అన్నా. పిలువకపోయినా వస్త, అది నా పుట్టిల్లు. గానీ ఉండనీకి మాత్రం రాను. మీ ఇంట్ల కూసుంటే ముద్ద ముద్దకు నేను వదినె మొకం జూడాలె" అన్నదట. ఈ మాట విని మా అమ్మ చాలాకాలం నొచ్చుకుంది. లోపల్లోపల కాస్త సంతోషించింది కూడా అని నా అనుమానం.

అప్పట్లో శామీర్‌పేట చుట్టూ ద్రాక్షతోటలు, కోళ్ల ఫారాలు ఉండేవి. కరీంనగర్ రోడ్డు నుంచి కొంచెం లోపలికి ఉన్న ఒక కోళ్ల ఫారంలో అత్త గుడ్లు ఏరే పనికి కుదిరింది. కాళ్ల కడియాలు అమ్మి, ఆ ఫారం వెనకాల కుక్క కూడా పడుకోవడానికి ఇష్టపడని రాళ్ల జాగా ఒకటి కొనుక్కుని, నాలుగు గోడలు లేపి, పైన రేకులు వేసుకుంది. రేకుల ఇంట్లో ఎండాకాలం ఎలా ఉంటుందో తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు, తెలియనివాళ్లు అదృష్టవంతులు. ఫారం వెనక పనికిరావని పారేసిన గుడ్ల అట్టలు గుట్టగా పడి ఉండేవి. అత్త వాటిని మోసుకొచ్చి, రేకుల కింద వెదురు బద్దలు కట్టి, గంజిపిండితోనూ సుతిలి తాడుతోనూ ఆ బద్దలకు పట్టించింది. రేకుల పైకి సొరపాదు పాకించింది. ఇక ఆ గది చల్లదనం గురించి ఏం చెప్పమంటారు. రోడ్డు మీద లారీ హారన్ కొడితే లోపల దోమ మూలిగినట్టు వినిపించేది. ఒకసారి నేను ఆ గదిలో మధ్యాహ్నం నిద్రపోతుండగా బయట బ్యాండుమేళంతో పెళ్లి ఊరేగింపు పోయిందట. ఆ పెళ్లి సంగతి నాకు ఆ పిల్ల సీమంతానికి పిలిచినప్పుడు తెలిసింది.

గదికీ వంటింటికీ మధ్య గోడలో పైన ఒక కిటికీ అంత రంధ్రం వదిలి, ఆ రంధ్రంలో ఒక్క బల్బు వేలాడదీసింది. అది అటూ వెలిగేది, ఇటూ వెలిగేది. పగిలిన గుడ్లు పనివాళ్లకే ఇచ్చేవారు గనుక ఆవిడ ఇంట్లో గుడ్డు లేని కూర ఉండేది కాదు. సొరకాయలో గుడ్డు, గోంగూరలో గుడ్డు, పచ్చిపులుసు పక్కన గుడ్డు. డిగ్రీ చదివే రోజుల్లో సెలవులకు వెళ్లి వారం ఉండి వచ్చానంటే పొద్దున్నే కూత వేయాలని నా గొంతు దురద పెట్టేది. ఆ గుడ్ల పెంకులు కూడా పారేయనిచ్చేది కాదు. ఎండబెట్టి, రోట్లో దంచి, జల్లెడ పట్టి ముగ్గు పెట్టేది. ఆ ముగ్గు ఎండకు తళతళ మెరిసేది. పాత చీరలు బొంతలయ్యేవి, బొంతలు పాతబడి పొయ్యి దగ్గర మసిగుడ్డలయ్యేవి, మసిగుడ్డలు కూడా ఏమయ్యేవో ఆవిడే చెప్పాలి.

దీన్నంతా మా బంధువులు పిసినారితనం అనేవారు. పిసినారి అయితే చాయ్‌పత్తి అంత మంచిది ఎందుకు కొంటుంది. శనివారం కొప్పులోకి మూర మల్లెపూలు ఎందుకు కొంటుంది. చెరువులో చేపలు పట్టేవాళ్లు ఒడ్డుకు రాగానే బుట్టలో ఇంకా ఎగురుతున్న చేపను ఏరి, బేరం ఆడకుండా ఎందుకు తెస్తుంది. ఒకసారి అడిగాను. "అక్కెర లేనిదానికి పెట్టకుంటె, అక్కెర ఉన్నదానికి ఒగల మొకం జూసే పని వడదు బిడ్డా" అంది. బస్సులో నా టికెట్ నేను తీసుకుంటే ఊరుకునేది, ఆవిడది కూడా తీసుకుంటే దిగేదాకా మాట్లాడేది కాదు. మా ఇంటికి ఎప్పుడు వచ్చినా చేతిలో గుడ్లో, సొరకాయో ఉండేది. తిని వెళ్లేది, తీసుకుని వెళ్లేది కాదు.

ఒక్కటే తీసుకునేది. ఒడిబియ్యం. మా దిక్కు ఆడపిల్ల సంగతి తెలియనివారి కోసం కొంచెం ఆగి చెబుతాను. పెళ్లయిన ఆడబిడ్డను కొన్నేళ్లకోసారి పుట్టింటికి పిలిచి, పీట మీద కూర్చోబెట్టి, పసుపు కలిపిన బియ్యం ఆమె కొంగులో పోస్తారు. అందులో కుడుకలనే ఎండుకొబ్బరి చిప్పలు, ఖర్జూరాలు, పోకలు, పసుపు కొమ్ములు, పైన కొత్త చీర. ఆమె అందులోంచి కొన్ని పిడికెళ్లు తీసి పుట్టింటి గిన్నెలో తిరిగి పోస్తుంది, ఆ ఇల్లు ఎప్పుడూ నిండుగా ఉండాలని. మిగతావి తన ఇంటికి తీసుకుపోయి వండి, చుట్టుపక్కల ఆడవాళ్లను పిలిచి పెడుతుంది. అది ఇవ్వడం కాదు, అడగడం అంతకన్నా కాదు. నువ్వు ఈ ఇంటిదానివి అని ఒప్పుకోవడం. మామ లేని మనిషికి ఒడిబియ్యమేమిటని ఎవరో అంటే అత్తే జవాబు చెప్పింది. "మనిషి భీవండిల ఉంటేంది, పుస్తె నా మెడల ఉన్నది గదా. పోసేది నా ఒళ్లె, ఆయన ఒళ్లె గాదు." ప్రతిసారీ పీట మీద కూర్చునేటప్పుడు ఆవిడ వీపు కొంచెం నిటారుగా అయ్యేది. ఏ ఖర్చూ పెట్టని మనిషి ఆ రోజు గాజులు కూడా కొత్తవి వేసుకునేది.

ఇంతలో రెండువేల సంవత్సరం దాటింది, భూముల ధరలు లేచాయి. ద్రాక్షతోటల్లో సున్నం గీతలు పడ్డాయి, గీతల మధ్య రాళ్లు పడ్డాయి, రాళ్ల మీద నెంబర్లు పడ్డాయి. మేము కొంత పొలం అమ్మాము. మా అన్న అమ్మడంతో ఆగక కొనడం, కొని మళ్లీ అమ్మడం మొదలుపెట్టాడు. తెల్లచొక్కా వేశాడు, కారు కొన్నాడు, రాజకీయాల్లోకి దిగాడు. ఇక్కడొక వింత జరిగింది. అత్త జీతం ఫారంలో ఏటా కొంచెం పెరుగుతూనే ఉంది, ఆవిడ తిండి మారలేదు, గది మారలేదు, అప్పు అన్న మాట ఎరగదు. అయినా మా భూమి ధర పెరిగిన కొద్దీ మా వాళ్ల కళ్లకు ఆవిడ పేదరాలైపోతూ వచ్చింది. నిన్న పిసినారి అన్న నోళ్లే ఇవాళ పాపం అనడం నేర్చుకున్నాయి. పిసినారి అన్నప్పుడు అత్త నవ్వేది. పాపం అన్నప్పుడు నవ్వలేదు.

ఆ ఏడు ఒడిబియ్యానికి అన్న ఒక ఫోటోగ్రాఫర్‌ను పిలిచాడు. జ్ఞాపకంగా ఉంటుందన్నాడు. నేను మేడ్చల్‌లోని అత్తగారింటి నుంచి వచ్చాను. నాయిన, అమ్మ పోశాక అన్న, వదినె పోయాలి. అన్న దోసిలి పట్టి, పోస్తూ పోస్తూ ముఖం అత్త వైపు కాకుండా కెమెరా వైపు తిప్పాడు. పోసిన బియ్యం సగం కొంగులో, సగం కింద పడ్డాయి. "ఇటు జూడు అల్లుడా, నా ఒడి ఇటున్నది" అంది అత్త. అందరం నవ్వాం. నవ్వడానికి ఇంకొంచెం ఆలోచించి ఉండాల్సింది.

కొద్దిరోజులకు ఎంపీటీసీ ఎన్నికల సందడి మొదలైంది. ఒకనాడు నేను బస్సులో శామీర్‌పేట వస్తూ కిటికీలోంచి చూస్తే, బస్‌స్టాప్ దగ్గర రెండు కరెంటు స్తంభాల మధ్య ఇంటి గోడంత ఫ్లెక్సీ కట్టి ఉంది. అందులో మా అన్న నవ్వుతున్నాడు. అతని చేతుల్లోంచి బియ్యం జారుతున్నాయి. కింద పీట మీద మా అత్త కొంగు పట్టుకుని కూర్చుని ఉంది. నిరుపేద ఒంటరి మహిళలకు బియ్యం, చీరలు పంచుతున్న పేదల ఆశాదీపం అని పైన పెద్ద అక్షరాలు. అత్త కాళ్ల దగ్గర చిన్న అక్షరాలతో లబ్ధిదారు అని రాశారు. మా పుట్టింటి పసుపు బియ్యం, మా అత్త కొత్త గాజులు, నాయిన పెట్టిన చీర, అన్నీ ఆ ఫ్లెక్సీలో ఉన్నాయి. నాయినను మాత్రం కత్తిరించేశారు. నేను దిగాల్సిన స్టాప్ అదే అయినా తర్వాతి స్టాప్‌లో దిగాను.

దానాలు పంచేవాళ్లు బియ్యానికి పసుపు పూసి పంచుతారా అని మీరు అడగవచ్చు. ఊళ్లో ఆడవాళ్లంతా అదే ఒకరినొకరు అడిగి కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. కానీ ఊరంటే ఇప్పుడు ఊరివాళ్లే కాదుగా. కంపెనీల వాళ్లు, ప్లాట్లు చూడడానికి వచ్చేవాళ్లు, చదువుకునే పిల్లలు, వాళ్లందరికీ అది దానమే. కిరాణం శేటు ఆవిడ సంచిలో ఒక సబ్బు ఊరికే వేసి "ఉంచుకో అవ్వా" అన్నాడట. అత్తకు అప్పటికి యాభై నిండలేదు, ఆ అవ్వ అన్న మాటకు వేరే కోపం రావాలి గానీ దానికి సమయం లేకపోయింది. సిటీలో ఉండే ఫారం యజమాని భార్య కారు ఆపి ఫ్లెక్సీ చూసి, జాలిపడి, మర్నాడు పాత చీరల మూట పంపింది. వీటన్నిటినీ అత్త తిప్పి పంపింది. తిప్పి పంపలేనిది ఇంకొకటి వచ్చింది. ఆ ఒడిబియ్యం వండినప్పుడు ఆవిడ ఇంట్లో కూర్చుని తిని, బొట్టు పెట్టించుకుని వెళ్లిన పక్కింటామె గుమ్మంలో నిలబడి "మీ అల్లునికి చెప్పి నా పేరు గూడ రాయించరాదు వదినా, నేను గూడ ఒక్కదాన్నే ఉంటున్న గదా" అని అడిగింది. వెటకారం కాదు, నిజంగానే అడిగింది. ఆ రోజు నేను అక్కడే ఉన్నాను. అత్త లోపలికి వచ్చి, స్టవ్వు మీద చాయ్ పొంగి పోతుంటే చూస్తూ నిలబడింది. ఆవిడ చేతి కింద అంతకుముందు చాయ్ చుక్క నేలపాలు కాలేదు.

చీర మార్చుకుని, నన్ను వెంటబెట్టుకుని నేరుగా అన్న ఆఫీసుకు వెళ్లింది. అక్కడ నలుగురు కుర్రాళ్లు జెండాలకు కర్రలు కడుతున్నారు. అన్న లేచి కుర్చీ వేశాడు. ఆవిడ కూర్చోలేదు.

"గా బొమ్మ తీపియ్యి" అంది.

"ఫోటో మస్తు వచ్చింది అత్తా. అందుకే ఫ్లెక్సీ పిలగాడు గదే తీసుకున్నడు. ఇప్పుడు గీ జెండల కాడున్న మా చింటూగానిని అడుగు, మండలంల గంత మంచి ఫ్లెక్సీ లేదంటడు."

"పసుపు బియ్యం దానమిస్తర్రా ఎవలన్న?"

"సదువుకున్నోళ్లకు గవన్ని ఏం తెలుస్తయి. వాళ్లకు బియ్యం కనవడితె చాలు."

"నాకు నేను కనవడుతున్న గదా."

అన్న నవ్వాడు. తప్పు చేసినవాడు నవ్వే నవ్వు కూడా కాదు, చిన్నపిల్లలు అల్లరి చేస్తే పెద్దవాళ్లు నవ్వే నవ్వు. "ఎలక్షన్లయినంక అదే పోతది అత్తా. నీకు పోయిందేంది చెప్పు. నాలుగు ఓట్లొస్తె మనింటికే గదా. నీకు పింఛన్ గూడ రాయిస్త."

"నాకు పోయిందేందో చెప్తె నీకు సమజ్ గాదు. నీ దగ్గర అది ఎన్నడన్న ఉంటె గదా" అని అత్త బయటికి వచ్చేసింది. అన్న కారులో దింపమని డ్రైవర్‌ను పరిగెత్తించాడు. ఆవిడ కారు ఎక్కలేదు. నడిచి బస్‌స్టాప్‌కు వెళ్లి, ఆ ఫ్లెక్సీ కిందే బస్సు కోసం నిలబడింది. వేరే నీడ లేదు అక్కడ. పైన బొమ్మలో అత్త కొంగు చాచి ఉంది, కింద అత్త కొంగు నడుము చుట్టూ బిగించి దోపుకుని ఉంది. వచ్చేపోయేవాళ్లు పైకీ కిందికీ చూస్తున్నారు. నేను ఆవిడ పక్కన నిలబడి, కనపడినవాళ్లనందరినీ తిరిగి కోపంగా చూశాను. నాకు అప్పుడు చేతనైన సాయం అదే.

ఎన్నికలకు ముందే అన్న కొత్త ఇంటి గృహప్రవేశం పెట్టాడు. రెండంతస్తులు, ముందు పులి బొమ్మలు రెండు. పులులకు నవ్వు ముఖాలు పెట్టారు, పాడైపోయిన పులులు. మా ఇళ్లలో గృహప్రవేశమంటే కొత్త పొయ్యి మీద పాలు పొంగించాల్సింది ఇంటి పెద్ద ఆడబిడ్డ. ఎవరు ఎంత పెద్దవాళ్లు వచ్చినా ఆ పని వేరేవాళ్లు చేయరు. ఆడబిడ్డ పాలు పొంగిస్తేనే ఇల్లు ఇల్లవుతుంది, లేకపోతే అది సిమెంటు. అత్త రాదేమోనని నాయిన రెండుసార్లు కబురు పంపాడు. వచ్చింది. ఎప్పటిలాగే గుడ్ల అట్ట చేత్తో పట్టుకుని వచ్చింది. వచ్చి లోపలికి పోకుండా, షామియానా కింద ఆఖరి వరస కుర్చీలో కూర్చుంది.

ముహూర్తం దగ్గరపడింది. పంతులు గారు లోపలి నుంచి "ఇంటి ఆడపడుచును రమ్మనండి" అని కేకేశారు. అందరూ వెనక్కి తిరిగి అత్తను చూశారు. అత్త కుర్చీలోంచి కదలకుండా, కేక వేయకుండా, మామూలు గొంతుతోనే చెప్పింది. "నేను లబ్ధిదారునయ్యా పంతులూ. రోడ్డు మీద రాసి పెట్టిండ్రు. ఇంటి ఆడబిడ్డ ఎవలున్నరో గామెను పిలువుండ్రి."

వదినె వచ్చి నా చెయ్యి పట్టుకుంది, నేను చిన్న ఆడబిడ్డను గదా, నాతో కానిద్దామని. నేను వెళ్లి అత్త పక్క కుర్చీలో కూర్చున్నాను. "ఇయ్యాల అత్త లబ్ధిదారయితె రేపు నేనయిత వదినె. ఇప్పటిసంది కూసునుడు అలవాటు జేసుకుంట" అన్నాను. నా జీవితంలో నేను చెప్పిన మాటల్లో సగం తీసేయకుండా నమ్మదగ్గది ఇదొక్కటి. అన్న పళ్లు బిగించి వచ్చి "అత్తా, ఇజ్జత్ తియ్యకు, పెద్దమనుషులు వచ్చిండ్రు" అన్నాడు. "నీ ఇజ్జత్ ఇంట్లున్నది అల్లుడా. నాది బస్‌స్టాప్ కాడ ఏలాడుతాంది" అంది అత్త.

అప్పుడు లేచాడు మా నాయిన. ఆయన నెమ్మదిమనిషి. కొడుకు ఎదురుగా గట్టిగా దగ్గిన జ్ఞాపకం కూడా నాకు లేదు. కండువా తీసి తలకు చుట్టుకుని, లైట్ల సీరియళ్లు కట్టడానికి తెచ్చిన నిచ్చెన దగ్గరికి వెళ్లి, దాన్ని ఎత్తుకోవడానికి ప్రయత్నించాడు. "ఏడికి నాయినా" అన్నాడు అన్న. "నా చెల్లె రోడ్డు మీద ఉన్నదట. తోల్కరానీకి పోతున్న" అన్నాడు నాయిన. నిచ్చెన ఒక కొస లేచింది, రెండో కొస లేవలేదు. అయినా ఆయన వదల్లేదు. అందరూ చూస్తున్నారు. చివరికి అన్నే వచ్చి నిచ్చెన తన భుజాన వేసుకున్నాడు.

పట్టుపంచె కట్టుకుని, బొట్టు పెట్టుకుని, మెడలో దండతో మా అన్న శామీర్‌పేట బస్‌స్టాప్ దగ్గర నిచ్చెన ఎక్కడం చూసినవాళ్లు ఇప్పటికీ అక్కడక్కడా బతికి ఉన్నారు. సగం గృహప్రవేశం అతని వెనకాలే నడిచింది. కరీంనగర్ బస్సు డ్రైవర్ బస్సు ఆపి, ఇంజన్ కూడా ఆపి, ప్రయాణికులు బాగా కనపడేలా కొంచెం వెనక్కి తీశాడని చెబుతాను, ఇంజన్ ఆపిన బస్సు వెనక్కి ఎలా పోయిందని అడగకండి. అన్న తన ముఖాన్ని తనే తాళ్లు విప్పి కిందికి దింపుకున్నాడు. చుట్టి, ఇంటికి తెచ్చి, అత్త కుర్చీ ముందు పడేసి "ఇగ చాలా" అన్నాడు.

"మడత మంచిగ పెట్టు. చింపకు" అంది అత్త. "వానకాలం వస్తాంది." అప్పుడు లేచి, చేతులు కడుక్కుని లోపలికి వెళ్లింది. ముహూర్తం దాటిపోయిందని వదినె ఏడుపు ముఖం పెట్టింది గానీ పంతులు గారు పంచాంగం మళ్లీ తిప్పి ఇంకొకటి దొరికించారు. పాలు పొంగాయి. అత్త వీపు నిటారుగా ఉంది.

అన్న ఎన్నికల్లో గెలిచాడు. దాని మీద నాకున్న కోపం వేరే, అది రాయాలంటే వేరే పుస్తకం కావాలి. అత్త మాత్రం ఆ ఫ్లెక్సీని వృథా చేయలేదు. రేకుల మధ్య సందుల్లోంచి చినుకులు కారుతుంటే, దాన్ని రేకుల మీద బోర్లా పరిచి, చుట్టూ రాళ్లు పెట్టి, పైన మళ్లీ సొరపాదు పాకించింది. ఆ తర్వాత చాలా వానాకాలాలు మా అన్న అత్త ఇంటి మీద బోర్లా పడుకుని ఆవిడను వానలోంచి కాపాడాడు. ఆయన చేసిన ప్రజాసేవలో నాకు తెలిసి గట్టిది అదే. ఎవరైనా అడిగితే అత్త సంతోషంగా చెప్పేది, "మా అల్లుడు మంచోడు, మీద పండుకుంటడు, కింద కారనియ్యడు." ఒడిబియ్యం ఆగలేదు. తర్వాతిసారి పోసేటప్పుడు అన్న కెమెరా పిలవలేదు, బియ్యం ఒక్కటి కింద పడలేదు.

ఆ దశాబ్దం చివరికి అత్త తన జీతంలో మిగిల్చుకున్నదానితో స్లాబు వేయించుకుంది. సిమెంటు నేను పంపిస్తానని అన్న వచ్చాడు. "సిమెంటు ఉన్నది గానీ తట్ట మోసేటోడు ఒకడు తక్కువున్నడు" అంది అత్త. తెల్లచొక్కా విప్పి గేటుకు తగిలించి అన్న తట్ట అందుకున్నాడు. రేకులు దింపుతుంటే ఆ ఫ్లెక్సీ బయటపడింది. తిప్పి పరిచారు. మేమందరం చుట్టూ నిలబడి చూశాం. ఒక్క రంగు పోలేదు. అన్న జుట్టు నల్లగా, నవ్వు తాజాగా, అక్షరాలు నిన్న రాసినట్టుగా ఉన్నాయి. పక్కన నిలబడ్డ అన్నకు జుట్టు సగం పోయింది, ఆ నవ్వూ పోయింది. అతను తట్ట ఎత్తుకున్నాడు. అత్త ఆ ఫ్లెక్సీని వాకిట్లో ఎండలో పరిచి, రాళ్లు పెట్టి, దాని మీద మిరపకాయలు ఆరబోసింది.

అత్త పోయి కొన్నేళ్లయింది. ఆ స్లాబు కింద కూడా ఆవిడ గుడ్ల అట్టలే కట్టించుకుంది, చల్లదనానికి అలవాటుపడ్డ ప్రాణం గనుక. మొన్న క్లబ్‌హౌస్‌లో ఆ అట్టల కింద కూర్చుని నేను మరో సంగతి గుర్తుచేసుకున్నాను. ఎండలో వేసిన ఆ ఫ్లెక్సీ ఒక్క మిరపకాయల కాలంలోనే వెలిసిపోయింది. ముందు అన్న నవ్వు పోయింది, తర్వాత అక్షరాలు పోయాయి, చివరికి రెండు చేతులూ ఒక కొంగూ మాత్రం లీలగా మిగిలాయి, ఎవరు ఎవరికి ఏం పోస్తున్నారో తెలియకుండా. బోర్లా దాచిపెట్టినన్నాళ్లూ దాని మీద ఒక్క రోజు కూడా గడవలేదు, కాలం దానికి తగిలింది ఎండలో వేశాకే. అందుకే ఇన్నాళ్లకు నేనూ నా కడుపుమంటను బయట పరుస్తున్నాను.